పిల్లి తొక్కిన శాలువా

దుకాణం
జూన్ 9

అక్కా,

నీ పిల్లి క్షేమం. నేను కాదు.

ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ ఫోన్లో మనం మూడో నిమిషానికల్లా అరుచుకుంటామనీ, కాగితం మీదయితే కనీసం వాక్యం పూర్తయ్యేదాకా ఎదుటివాళ్ళు అడ్డు రారనీ నువ్వే అన్నావు. సరే, రాస్తున్నాను. అడ్డు రాకుండా చదువు.

నీ దొరసాని వచ్చి పది రోజులయింది. మొదటి రెండు రోజులు కుట్టుమిషను కింద దూరి మొహం చూపించలేదు. మూడో రోజు బయటికొచ్చి తనిఖీకి వచ్చిన అధికారిలా దుకాణమంతా తిరిగింది. నాలుగో రోజు నుంచి అసలు భాగోతం మొదలు. మెత్తగా కనిపించిన ప్రతిదాని మీదికీ ఎక్కుతుంది. ముందు కాళ్ళు రెండూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతుంది, తీస్తుంది, మళ్ళీ నొక్కుతుంది, అచ్చం పిండి పిసికినట్టు. కళ్ళు సగం మూసుకుని, గొంతులో మోటారు తిప్పుకుంటూ పావుగంట అదే పని. గోళ్ళు బట్టలో దిగి పైకొచ్చినప్పుడల్లా టిక్కుమని చప్పుడు. తెగేది దారమే, కానీ నాకు మాత్రం నరం తెగినట్టుంటుంది.

ఇరవై ఏడేళ్ళుగా మెత్తటి వస్తువులు తయారుచేసి బతుకుతున్నవాణ్ణి నేను. సోఫాలు, కుర్చీలు, పరుపులు, దిళ్ళు. ఈ పిల్లిని ఉంచడానికి నీకు ఇంకో చోటే దొరకలేదా? రాళ్ళు కొట్టుకునేవాడెవడూ తెలియదా నీకు?

నిన్న పళ్ళ డాక్టరు గారి ఆకుపచ్చ వెల్వెట్ కుర్చీ మీద పని కానిచ్చింది. ఆయన తీసుకెళ్ళడానికి వచ్చి వేలు పెట్టి చూపించి, "ఈ చుక్కలేంటి, డిజైనా?" అన్నాడు. "అవునండీ, కొత్తగా వస్తోంది" అన్నాను. వేరే ఏం చెప్పను? "బావుందే" అన్నాడు. ఇప్పుడు రెండో కుర్చీకి కూడా అదే డిజైను కావాలట.

ఇది ఏ రోగమో, దీనికి మందేమిటో వెంటనే రాయి. రెండు నెలలే అన్నావు కాబట్టి గోడ మీది క్యాలెండర్లో ఆగస్టు మొదటి వారం చుట్టూ ఎర్రగీత గీసుకుని ఓపిక పడుతున్నాను.

మీ మరదలు మాత్రం దాన్ని చూసి మురిసిపోతోంది. ఆవిడ మిషను పని చేసుకుంటుంటే అది కాళ్ళ దగ్గర కూర్చుంటుంది. ఇద్దరూ కలిసి నా గురించి మాట్లాడుకుంటున్నారని నా అనుమానం.

నీ తమ్ముడు


కొండ మీది ఆసుపత్రి
నర్సుల గదులు
జూన్ 18

ఒరేయ్ తమ్ముడూ,

అది రోగం కాదురా. సంతోషం. నువ్వు ఎప్పుడూ చూడకపోవడం వల్ల గుర్తుపట్టలేదు.

ఇక్కడ కొత్తగా పెట్టిన పసిపిల్లల వార్డులో నేను ఆరుగురు నర్సులకి పని నేర్పుతున్నాను. పాలు తాగే పసివాడి చెయ్యి ఎప్పుడైనా చూశావా? పిడికిలి బిగించి తల్లి రొమ్ము మీద నొక్కుతాడు, వదులుతాడు, నొక్కుతాడు. పిల్లికూన కూడా అంతే. తల్లి పొట్ట మీద రెండు పక్కలా పాదాలతో తొక్కితే పాలు వస్తాయి. అలా మొదటి పాఠం నేర్చుకుంటుంది. తర్వాత పెద్దదవుతుంది, పాలుండవు, తల్లీ ఉండదు. ఆ సంగతి పాదాలకి ఎవరూ చెప్పరు. మెత్తగా, వెచ్చగా, భయం లేకుండా ఒక చోటు దొరికిందంటే చాలు, పాదాలు వాటంతటవే పని మొదలుపెడతాయి.

ఇంకా వేరే మాటలు కూడా ఉన్నాయి. పాదాల కింద వాసన ఊరే చోట్లుంటాయట, అలా తొక్కి 'ఇది నాది' అని ముద్ర వేసుకుంటుందట. అడవిలో ఉండే రోజుల్లో గడ్డి తొక్కి పడక సర్దుకున్న అలవాటని ఇంకొందరంటారు. ఎవరి వాదన వాళ్ళది. పిల్లిని అడిగి రాసినవాళ్ళు లేరు.

తల్లి నుంచి మరీ తొందరగా విడిపోయినవి ఎక్కువ తొక్కుతాయని కూడా అంటారు. రుజువు లేదంటారు డాక్టర్లు. దొరసాని నాకు మా పాత ఆసుపత్రి లాండ్రీ వెనక దొరికింది, కళ్ళు కూడా తెరవలేదు అప్పటికి. ఇంకు ఫిల్లరుతో పాలు పట్టాను. కాబట్టి నాకు రుజువు అక్కర్లేదు. తొందరగా విడదీసిన పిల్లల సంగతి నాకు బాగానే తెలుసు. నీకు తెలియదులే, నిన్నెవరూ విడదీయలేదుగా.

పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి మాట్లాడుతున్నానని అనుకోకు. పిల్లి మీదే పెట్టి మాట్లాడుతున్నాను.

దాన్ని తిట్టకు, తోసెయ్యకు. గోళ్ళ కొసలు మాత్రం పదిహేను రోజులకోసారి కత్తిరించు. దాని కోసమని ఒక మందపాటి బట్ట వేరుగా వేసిపెట్టు. మరదలికి నా ముద్దులు.

అక్క


దుకాణం
జులై 1

అక్కా,

నీ ఉత్తరంలో పిల్లి గురించి రాసింది అర్థమయింది. పిల్లి గురించి కానిది కూడా అర్థమయింది. మూడేళ్ళప్పుడు నిన్ను పెద్దమ్మ దగ్గరికి పంపేశారు, నిజమే. అప్పటికి నేను పుట్టి తొమ్మిది రోజులు. ఆ నిర్ణయంలో నా ఓటు అడగలేదు.

ఇక పని మాట. గోళ్ళు కత్తిరించాం. అంటే మీ మరదలు కత్తిరించింది, నేను పట్టుకున్నాను. నా చేతి మీద గీతలు ఇంకా ఉన్నాయి, పళ్ళ డాక్టరు చూస్తే ఇదీ డిజైనే అంటాడు.

నువ్వు చెప్పినట్టే మందపాటి బట్టలు వేసి చూశాను. తువ్వాలు వేశాను, వాసన చూసి మొహం తిప్పుకుంది. కంబళి ముక్క వేశాను, దాని పక్కనే, సరిగ్గా వేలెడు దూరంలో, నేల మీద కూర్చుంది. నా దగ్గరున్న అతి ఖరీదైన స్పాంజి మీద దూది పరిచి, పైన వెల్వెట్ కుట్టి, చుట్టూ అంచు పెట్టి చిన్న దిండు చేసి, ఒక అట్టడబ్బాలో పెట్టాను. చెప్పుకోకూడదు గానీ ఇరవై ఏడేళ్ళలో అంత చక్కటి దిండు నేనే చెయ్యలేదు. ఆ దిండుని డబ్బాలోంచి బయటికి లాగి, ఖాళీ డబ్బాలో పడుకుంది.

చివరికి దానంతటదే కనిపెట్టుకుంది. స్ప్రింగుల కోసం పై అరలోని రేకుపెట్టె దించి, ఇటు తిరిగి అటు తిరిగేసరికి పెట్టెలో కూర్చుని ఉంది. అడుగున ఒక పాత ఉన్ని శాలువా ఉందిలే, దాని మీద. మూడు రోజులుగా దాన్ని తప్ప ఇంకేదీ తాకట్లేదు. కుర్చీలు బతికాయి! నాకు దాని తెలివికి ముచ్చటేసింది. ఎందుకంటే అది మామూలు బట్ట కాదు. చేత్తో వడికిన ఉన్ని, బూడిద రంగు, నేత కొంచెం వదులు, అందుకని పాదం ఇట్టే దిగుతుంది, గోరు మాత్రం చిక్కుకోదు. అంచు దగ్గర ఎవరో నీలం నూలుతో అతుకేశారు, పని రానివాళ్ళ చెయ్యి, ఉండలు కట్టింది. సరిగ్గా ఆ ఉండల మీదే తొక్కుతుంది దొరసాని. ఇలాంటి ఉన్ని ఇప్పుడు ఎక్కడా దొరకదు. బట్ట నాణ్యం పిల్లికి తెలిసినంత మనుషులకి తెలిస్తే నా వ్యాపారం ఇంకోలా ఉండేది.

ఇంకో నెల. అంతే కదా?

తమ్ముడు


కొండ మీది ఆసుపత్రి
జులై 8

గౌరవనీయులైన తమ్ముడు గారికి,

మీ ఉత్తరం అందింది. పిల్లి కులాసాగా ఉన్నందుకు సంతోషం.

మీరు ఎంతో ఓపికగా వర్ణించిన ఆ శాలువా గురించి ఒక చిన్న సందేహం. నీలం నూలుతో అతుకేసిన ఆ పని రాని చెయ్యి నాది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. సెలవులకి మీ ఇంటికి వచ్చినప్పుడు అమ్మ శాలువా మేకుకి తగిలి చిరిగితే నేనే కుడతానని పట్టుబట్టాను. బూడిద రంగు దారం లేదు, నీలమే ఉంది.

పదకొండేళ్ళ కిందట, అమ్మ పోయిన నాలుగో రోజున, మీ గుమ్మంలో నిలబడి నేను మిమ్మల్ని ఒకే ఒక్క వస్తువు అడిగాను. "అన్నీ పంచిపెట్టేశానక్కా, ఒక్క గుడ్డముక్క కూడా మిగల్లేదు" అన్నారు. నా భుజం మీద చెయ్యి కూడా వేశారు.

తమరి జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ అక్క


దుకాణం
జులై 14

అక్కా,

నన్ను మీరు, గారు అనకు. చదువుతుంటే ఎవరికో వచ్చిన ఉత్తరం విప్పానేమోనని కవరు మళ్ళీ చూసుకున్నాను.

నువ్వు ఏదో పొరబడ్డావు. బూడిద రంగు శాలువాలు ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో ఉండేవి. నీలం దారం కూడా అందరి దగ్గరా ఉండేది. ఇది ఎవరో సోఫాతో పాటు వదిలేసి వెళ్ళింది అయ్యుంటుంది. ఇన్నేళ్ళ సంగతి నాకు మాత్రం ఏం గుర్తుంటుంది?

ఇక్కడ ఎండలు తగ్గాయి. దొరసాని చేప తల తింటోంది గానీ తోక తినట్లేదు. వేరే విశేషాలు లేవు.

తమ్ముడు

(ఇదే కవరులో, బిల్లు కాగితం వెనక)

వదినా,

కవరు అంటించమని ఆయన నాకిచ్చారు. అంటించే ముందు చదివాను. తప్పే, కానీ చదవకపోతే ఇంకా పెద్ద తప్పయ్యేది.

ఆయన రాసింది అబద్ధం. అది అత్తయ్య శాలువానే. నాలుగేళ్ళ కిందట రేకుపెట్టె దులుపుతుంటే నా కంటబడింది. ఇదేంటని అడిగితే, "మిషను మీద కప్పడానికి" అన్నారు. ఏ మిషను మీదా కప్పగా చూడలేదు. ఒకట్రెండుసార్లు, నేను లేననుకుని, పెట్టె మూత తీసి ఊరికే చూస్తూ నిలబడ్డం మాత్రం చూశాను. ఎందుకు దాచారో నాకు చెప్పరు. మీరు అడగండి.

నేను చెప్పానని చెప్పకండి. చెప్పినా నాకేం భయం లేదనుకోండి.

మీ మరదలు


కొండ మీది ఆసుపత్రి
జులై 20

ఒరేయ్,

ఎందుకు?

అక్క


దుకాణం
జులై 29

అక్కా,

ఇది నాలుగోసారి రాయడం. మొదటి మూడూ చింపేశాను. ఆ ముక్కల మీద దొరసాని పడుకుంది.

మీ మరదలు చెప్పిందని నాకు తెలుసు. అంటించిన కవరు కొంచెం ఉబ్బుగా ఉంది, చూసి కూడా పోస్టులో వేశాను. బహుశా నాకూ అదే కావలసి వచ్చిందేమో.

శాలువా నా దగ్గరే ఉంది. మొన్న ఉత్తరంలో ఎలా రాసేశానని ఆలోచిస్తే, నీకు రాస్తున్నానన్న సంగతే మర్చిపోయాను. మంచి బట్ట గురించి రాస్తున్నాననుకున్నాను.

చివరి నాలుగు నెలలూ అమ్మ ఆ శాలువా ఒడిలో పెట్టుకుని కూర్చునేది. రెండు చేతులతో దాన్ని నొక్కుతూ, వదులుతూ, నొక్కుతూ. పొద్దున నేను మొహం కడిగి కుర్చీలో కూర్చోబెట్టిన దగ్గర్నుంచి సాయంత్రం పడుకోబెట్టేదాకా అదే పని. పిల్లి తొక్కుడు చూసి నాకు అంత చిరాకు ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసిందా? వెల్వెట్ కోసం కాదు. వెల్వెట్ పోతే ఇంకో మీటరు తెచ్చుకుంటాను.

అలా నొక్కుకుంటూ నన్ను అడిగేది. "పాప వచ్చిందా? రెండు నెలలు కాలేదా ఇంకా?" అని. పాపంటే నువ్వే. నిన్ను పెద్దమ్మ దగ్గర రెండు నెలలని చెప్పి వదిలారట, నన్ను కన్నాక జబ్బుపడ్డ అమ్మ మంచం మీద నుంచి లేచేదాకా. లేచాక పెద్దమ్మ, "నాకా పిల్లల్లేరు, ఇది నాకు అలవాటు పడిపోయింది, ఉండనియ్యవే" అందట. అమ్మ కాదనలేకపోయింది. ఈ ముక్క నాకు నాన్న చెప్పాడు. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. మతి తప్పాక మాత్రం రోజుకి ఇరవైసార్లు, "పాపని ఎప్పుడు తెస్తారు?" నేను, "రేపమ్మా" అనేవాణ్ణి.

ఒకరోజు నా మొహంలోకి చూసి, "నువ్వెవరు బాబూ?" అంది. నాకు ఒళ్ళు మండింది. "కుర్చీలు బాగుచేసేవాణ్ణి" అన్నాను. "అలాగా! మా పాప వస్తుంది, దానికో చిన్న కుర్చీ చేసిపెట్టు నాయనా" అంది. చేస్తానన్నాను. చెయ్యలేదు.

అన్నం కలిపి పెట్టేది నేను. నీళ్ళు పోసేది నేను. ముప్ఫై ఎనిమిదేళ్ళు పక్కనే ఉన్నది నేను. పిలిచింది నిన్ను.

ఆ నాలుగు నెలల్లో నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేశావు, రమ్మంటావా అని. ప్రతిసారీ, "ఎవర్నీ గుర్తుపట్టట్లేదక్కా, వచ్చినా లాభం లేదు" అన్నాను. సగం నిజమే. నన్ను గుర్తుపట్టట్లేదు.

శాలువా దాచడం చిన్న దొంగతనం. పెద్దది ఇది. పదకొండేళ్ళుగా పెట్టె మూత తీసినప్పుడల్లా నాకు కనిపించేది ఇదే.

ఏం రాసినా చదువుతాను. 'గారు' మాత్రం వద్దు.

తమ్ముడు


కొండ మీది ఆసుపత్రి
ఆగస్టు 11

తమ్ముడూ,

క్షమించానని రాద్దామని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. క్షమించనని రాద్దామనుకున్నాను. దానికీ రాలేదు. అందుకని రెండు రోజులు ఏమీ రాయకుండా వార్డులో పని చేసుకున్నాను. పసివాళ్ళకి మన గొడవలతో పని లేదు, అదొక్కటే హాయి.

నువ్వు నా దగ్గర్నుంచి ఏం తీసేసుకున్నావో నీకు పూర్తిగా తెలియదు. అమ్మ నన్ను వదిలించుకుందని నేను నలభై తొమ్మిదేళ్ళు నమ్మాను. ఆడపిల్లని ఇచ్చేసి మగపిల్లవాణ్ణి ఉంచుకుందని. సెలవులకి వచ్చినప్పుడు నాతో మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయేది చూడు, అది విసుగనుకున్నాను. సిగ్గని నాకెవరు చెప్పారు? నువ్వు ఒక్క ఫోన్లో ఒక్క మాట, "నిన్నే అడుగుతోందక్కా" అని ఉంటే, నా బతుకంతా ఇంకోలా చదువుకునేదాన్ని. ఆ కోపం ఉంది. ఉంటుంది. కొన్నాళ్ళు దాన్నలా ఉండనీ.

ఇప్పుడు నా వంతు. నీ క్యాలెండర్లో ఎర్రగీత దాటి నాలుగు రోజులయింది. నువ్వు అడగలేదు. ఆ ధైర్యం లేక అడగలేదని తెలుసు. నేను వచ్చింది రెండు నెలలకి కాదు. మే నెలలోనే ఐదేళ్ళకి సంతకం పెట్టాను. ఈ నర్సుల గదుల్లోకి పిల్లుల్ని రానివ్వరు. నిజం చెబితే నువ్వు దాన్ని గడప దాటనివ్వవని, రెండు నెలలే అని చెప్పి నీ చేతిలో పెట్టి వచ్చేశాను. బస్సెక్కాక తెలిసింది నేనేం చేశానో. నెల పోయాక రాద్దాం, ఇంకో నెల పోయాక రాద్దాం అని దాటేస్తున్నాను.

అమ్మకి కనీసం జబ్బు అడ్డొచ్చింది. నాకేం అడ్డొచ్చింది చెప్పు?

కాబట్టి తిట్టు. నీ వంతు వచ్చింది.

అక్క


దుకాణం
ఆగస్టు 19

అక్కా,

మన ఇంట్లో అబద్ధాలాడేది నేనొక్కణ్ణే అని ఇన్నాళ్ళూ కుమిలిపోయాను. తోడు దొరికినందుకు ముందు సంతోషం వేసింది. ఆ తర్వాత కోపం వచ్చింది. ఐదేళ్ళా? ఐదేళ్ళూ నా కుర్చీల గతేంటి?

మీ మరదలికి చదివి వినిపించాను. "మీరిద్దరూ అచ్చం ఒకే అచ్చులో పోసినట్టున్నారు, ఎవరు ఎక్కడ పెరిగితే ఏంలే" అంది. మెచ్చుకుందో తిట్టిందో అడగలేదు.

శాలువా నీది. దొరసాని దగ్గర్నుంచి తీసేశాను. బుధవారం పొద్దున తీస్తే, గురువారం సాయంత్రం దాకా పెట్టె చుట్టూ తిరుగుతూ అరిచింది. పాలు ముట్టలేదు. శుక్రవారం కాస్త తాగింది. పెట్టె ఖాళీ అని మూత తీసి చూపించాను, నమ్మలేదు, లోపలికి దిగి మరీ చూసుకుంది. నాకు చాలా కష్టమనిపించింది అక్కా. తీసేసుకోవడం ఎంత సులువో, తీసేశాక చూస్తూ ఉండటం అంత సులువు కాదు.

ఉతకలేదు. పిల్లి వెంట్రుకలు బ్రష్షుతో తీశాను, అన్నీ రాలేదు. పోస్టులో పంపను. శనివారం మొదటి బస్సుకి నేనే తెస్తున్నాను. దుకాణం మూస్తున్నాననగానే పళ్ళ డాక్టరు కంగారుపడి, "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "లేదండీ, ఉన్నవాళ్ళని చూడ్డానికే" అన్నాను.

రావొద్దనుకుంటే ఫోన్ చెయ్యి. ఒక్క నిమిషంలో చెప్పెయ్యి, మూడో నిమిషం దాకా ఉండకు.

తమ్ముడు


కొండ మీది ఆసుపత్రి
సెప్టెంబరు 2

తమ్ముడూ,

క్షేమంగా చేరావని మరదలు ఫోన్ చేసి చెప్పింది. బస్సులో ఎవరి సీటో చిరిగి ఉంటే సూదీ దారం తీసి కుట్టేశావట కదా.

నువ్వు వచ్చిన రోజు గురించి నాకు నవ్వొస్తూనే ఉంది. పదకొండేళ్ళు దాచిన శాలువా ఇవ్వడానికి కొండెక్కి వచ్చినవాడివి, నా మొహం చూడకుండా సందర్శకుల బెంచీని తిరగేసి, "ఎవడు కుట్టాడు దీన్ని, స్ప్రింగులన్నీ ఒక పక్కకే పోయాయి" అని గంటన్నర మాట్లాడావు. పాలిచ్చే తల్లులు కూర్చునే రెండు కుర్చీలు బాగుచేశావు. ఆ తర్వాత గానీ సంచి నా చేతికివ్వలేదు. ఇచ్చి, "కాఫీ ఉందా?" అన్నావు.

వరండాలో నేను, "అమ్మ ఎలా అడిగేదిరా? ఒక్కసారి అను" అన్నాను. నువ్వు కాఫీ గ్లాసు గచ్చు మీద పెట్టావు. తర్వాత అన్నావు. నీకు తెలుసో లేదో, నువ్వు అమ్మ గొంతుతో అన్నావు. ఆ సాగదీత, చివర్లో ఆ చిన్న దగ్గు కూడా. యాభై దాటిన దాన్నీ, యాభైకి దగ్గరపడ్డవాడివీ, ఇద్దరం నలుగురి మధ్యా నిలబడి ఏడ్చాం. దారినపోయేవాళ్ళు లోపల ఎవరో పోయారనుకుని పక్కకి తప్పుకుని దారిచ్చారు.

కోపం పోలేదు. కాస్త సైజు తగ్గింది. ఇప్పుడు గదిలో మిగతా సామానుతో పాటు సర్దుకుని ఉంటుంది.

శాలువా నా మంచం మీద ఉంది. వెంట్రుకలు అలాగే ఉంచాను.

ఒక పని చేసిపెట్టాలి. కింద రాసింది దొరసానికి చదివి వినిపించు. నవ్వకు. మరదలిని నవ్వుకోమను, ఫర్వాలేదు.

దొరసానీ, నేను రాను. పండగలకీ పబ్బాలకీ చూడ్డానికి వస్తాను, కానీ ఉండటానికి రాను. రేపు అని ఎవరైనా చెబితే నమ్మకు. నువ్వు చేసిన తప్పేమీ లేదు. నా గదిలోకి నిన్ను రానివ్వరు, నేను ఈ పని వదలలేను, అంతే. ఇక నీ ఇల్లు అదే. అక్కడున్న మనిషి గట్టిగా అరుస్తాడు గానీ, ఒకరి పక్కన ముప్ఫై ఎనిమిదేళ్ళు కదలకుండా ఉన్నవాడు. ఈ మాట అతనికి కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

అక్క


దుకాణం
సెప్టెంబరు 10

అక్కా,

నీ ఉత్తరం దొరసానికి చదివాను.

మీ మరదలు మిషను ఆపి కూర్చుంది. నేను పెద్దగా చదివాను, మన పక్క బట్టల కొట్టాయన కూడా వచ్చి గుమ్మంలో నిలబడి విన్నాడు. "ఎవరికి?" అన్నాడు. "పిల్లికి" అన్నాను. "ఓహో" అని వెళ్ళిపోయాడు. ఊళ్ళో నా పరువు ఏమయిందో తెలియడానికి వారం పడుతుంది.

దొరసాని మాత్రం చెవి కూడా కదపలేదు. చదువుతున్నంతసేపూ కాలు చాపి నాక్కుంటూ కూర్చుంది. చివరి రెండు వాక్యాలు దానికి కాదు కాబట్టి నేను పైకి చదవలేదు. చదవలేకపోయాను. మీ మరదలు నా చేతిలోంచి కాగితం తీసుకుని చదివింది.

నిన్న మధ్యాహ్నం ఒక పెద్ద సోఫా చేతికి బట్ట తొడుగుతున్నాను. నోట్లో ఏడెనిమిది చిన్న మేకులున్నాయి. కాసేపు నడుం నొప్పిగా ఉంటే గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో, వచ్చి నా ఒళ్ళోకి ఎక్కింది. ఇన్నాళ్ళూ ఎప్పుడూ ఎక్కలేదు. అటోసారి ఇటోసారి తిరిగి, పొట్ట మీద ముందు కాళ్ళు ఆనించి మొదలుపెట్టింది. గోళ్ళు పోయిన వారమే కత్తిరించాం గానీ అప్పుడే వచ్చేశాయి. చొక్కాలోంచి దిగుతున్నాయి. అరుద్దామంటే నోట్లో మేకులు.

నా పొట్ట మీద ఏముందని అక్కా? పాలా, ఉన్ని శాలువానా? యాభై ఏళ్ళ మగాడి పొట్ట. కొంచెం మెత్తబడిన మాట మాత్రం నిజం.

మేకులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాను. చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు గాల్లో ఉంచాను. తర్వాత దాని వీపు మీద పెట్టాను. మీ మరదలు లోపల్నుంచి భోజనానికి పిలిచింది. "వస్తున్నా" అన్నాను.

అది ఆపేదాకా లేవలేదు.

నీ తమ్ముడు